పలకొద్దని చెప్పినవాడు

ఇప్పుడు చాంద్యా మాట వినాలంటే మనమే దగ్గరికి వంగాలి. గొంతు గాలి పోయిన సైకిల్ ట్యూబులా బుస్సుమంటుంది. లింగాల ఘనపూర్ అవతల ఆ తండాకు కొత్తగా వచ్చిన కోడళ్లు, ఈ మనిషి పుట్టుకే అంత అనుకుంటారు. అనుకోనీ, వాళ్లకేం తెలుసు! ఒకప్పుడు ఈయన కట్ట మీద నిలబడి కేకేస్తే పక్క ఊరి చేలల్లో మేస్తున్న ఎడ్లు తలెత్తి చూసేవి.

తండాలో ఎవరి బర్రె తప్పిపోయినా, ఎవరింట్లో పెళ్లికి పిలుపులు వెళ్లాలన్నా చాంద్యా కావాల్సిందే. తెలంగాణ కోసం ఊళ్లన్నీ రోడ్డెక్కిన రోజుల్లో ఆ గొంతుకు ఇంకా గిరాకీ పెరిగింది. ఊరేగింపులో మైకు మొరాయిస్తే, "పోతే పోనియ్, చాంద్యన్న ఉన్నడు గద!" అని ఆయన్ని ట్రాక్టరు ఎక్కించేవాళ్లు. ఆయన 'జై' అంటే 'తెలంగాణ' అనడానికి జనం ఊపిరి బిగబట్టి ఎదురు చూసేవాళ్లు. మేనల్లుడు జాల్యా ఆ గొంతును అచ్చంగా దించేవాడు. కళ్లు మూసుకుంటే ఎవరు మామో ఎవరు అల్లుడో భార్య కమ్లీకి కూడా తెలిసేది కాదు. ఒకసారి పొయ్యి దగ్గరున్న కమ్లీ చేత ఆ గొంతుతో చాయ్ పెట్టించుకుని తాగి మరీ పారిపోయాడు దొంగ వెధవ.

అంతటి నోరున్న మనిషి చలికాలం రాగానే మూగవాడైపోయేవాడు. కారణం తండా వెనకున్న తుంగకుంట.

ఆ కుంట కథ కూడా కొంచెం చెప్పాలి. చాంద్యా పిల్లవాడుగా ఉన్నప్పుడే కట్ట తెగింది. తెగిన కట్టను పట్టించుకున్న నాథుడు లేడు. కుంట నిండా సర్కారు తుమ్మ మొలిచింది, తండా సగం పూనాకూ భివండీకీ పోయింది. చాంద్యా, కమ్లీ కూడా పూనాలో రోడ్ల పక్కన కేబుల్ గుంతలు తవ్వారు. దీప పుట్టింది అక్కడే, టార్పాలిన్ కింద. ఒక్కతే కూతురు. తర్వాత ఉపాధి పని వచ్చాక ఇంటికి తిరిగొచ్చి, తండా వాళ్లంతా కలిసి తుమ్మ కొట్టి, కట్ట పోశారు.

అప్పుడే వచ్చాడు ఇంతియాజ్. జనగామలో దర్జీ కొడుకు, కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే లెక్చరరు, పిట్టల పిచ్చోడు. కుంట మొత్తం లోతుగా తవ్వకుండా పైభాగం పల్లంగా, బురదగా వదిలేయమని బతిమాలాడు. తండా నవ్వింది. బురద కోసం ఎవరన్నా కొట్లాడతారా? చాంద్యా కొట్లాడాడు. ఎందుకంటే ఆయన చిన్నప్పుడు చూసిన కుంట అదే. నీళ్ల కంటే పిట్టలే ఎక్కువ కనిపించే కుంట. ఆయన గొంతు ముందు మిగతా గొంతులు నిలవలేదు, పల్లం మిగిలింది, తుంగా జమ్మూ మనిషి ఎత్తు పెరిగాయి.

తూము తాళం చాంద్యా చేతికే ఇచ్చారు. సముద్రం ఒడ్డున నీళ్లు రోజూ ముందుకొచ్చి వెనక్కి పోతాయట, ఆ వెనక్కి పోయినప్పుడు తేలిన బురదలో పురుగులేరుకుంటూ ఉల్లంకి పిట్టలు తిరుగుతాయట. ఇంతియాజ్ చెప్పిన ఆ సంగతి చాంద్యా మనసులో నాటుకుపోయింది. చలికాలమంతా తూము కొంచెం లేపి, మళ్లీ దించి, సముద్రం చేసే పని ఇక్కడ తను చేసేవాడు. పిట్టలు నమ్మాయి, వచ్చాయి. నామం పెట్టినట్టు నుదుటి మీద తెల్ల మచ్చున్న బొల్లికోళ్లు వచ్చాయి, బాతులు వచ్చాయి, నారాయణపక్షులు వచ్చి గంటల తరబడి ఒంటికాలి మీద నిలబడ్డాయి.

"ఇంట్ల కోళ్లకు గింజలెయ్యరాదు గని, గా పిట్టలకు నీళ్లు గొలుస్తుండు మొగోడు," అని కమ్లీ దెప్పేది. (వాళ్లు ఇంట్లో మాట్లాడుకునేది లంబాడీ. మనకోసం నేను తెలుగులో చెబుతున్నాను.)

ఇక అసలు సంగతికొస్తాను. ఆ డిసెంబరులో తెలంగాణ ఇస్తామని ఢిల్లీ నుంచి ప్రకటన వచ్చింది. ఆ రాత్రి చాంద్యా అరిచిన అరుపులకు కుంట ఖాళీ అయింది. పొద్దున కట్ట మీద నిలబడి, "తప్పయింది తల్లీ, రాండ్రి, ఇగ అరువ," అని ఖాళీ నీళ్లకు దండం పెట్టాడు. పిట్టలు మెల్లగా తిరిగొచ్చాయి. కానీ పండుగ చేసుకుని పక్షం రోజులైనా కాకముందే ఢిల్లీ ఆ మాట వెనక్కి తీసుకుంది. ఊళ్లు భగ్గుమన్నాయి. మర్నాడు బంద్.

సరిగ్గా ఆ సాయంత్రమే పెద్దబాతులు దిగాయి. తెల్లటి తల మీద రెండు నల్ల గీతలు. మంచు కొండల మీది నుంచి ఎగిరొచ్చే బాతులు. కట్ట పోసిన నాటి నుంచీ చాంద్యా వీటికోసమే కళ్లు కాయలు కాసేలా చూస్తున్నాడు. ఆగగలడా? ఇంతియాజ్‌కు ఫోన్ చేశాడు.

"రేపు బంద్ గద చాంద్యన్న. లెక్చరర్ల జేఏసీల నేనే తిరుగుతున్న. నేనే జీపేసుకొని పిట్టలు చూస్తందుకు పోతే మొఖం ఎట్ల చూపియ్యాలె?"

"చీకటి ఉండంగనే రాండ్రి సార్. జీపు నేను దాస్త, మిమ్మల్ని దాస్త. మళ్ల దొరుకయ్ సార్ గీ బాతులు."

ఇంట్లో దీప నిండు చూలాలు. తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. తొమ్మిదో నెల ఇంకా నిండలేదు, నొప్పులకు టైముందని అందరూ అనుకుంటున్నారు. భర్త దినేశ్ హైదరాబాదులో లారీ తోలుతున్నాడు. బంద్ అయ్యాక వస్తానన్నాడు.

ఇంతియాజ్, భార్య ఫిర్దౌస్ మంచులోనే వచ్చారు. చాంద్యా జీపును తుమ్మల వెనక పెట్టించి, మీద జొన్నచొప్ప కప్పాడు. తాళం చెవి ఇంతియాజ్ జేబులో వేసుకున్నాడు. ముగ్గురూ కట్ట దిగి, నడుములు వంచి, తుంగలో నడిచారు. బురద చల్లగా పిక్కల దాకా వస్తోంది. ఎక్కడో తీతువు అరిచి ఊరుకుంది. పొగమంచు పలచబడ్డ చోట చాంద్యా వేలు చూపించాడు.

ఫిర్దౌస్ దుర్భిణి పెట్టుకుని ఊపిరి పీల్చుకోవడం మరిచిపోయింది. తర్వాత దాన్ని చాంద్యా కళ్లకు తనే ఆనించింది. అద్దాల్లో ఒక బాతు మెడ వంచి, రెక్క కింద ముక్కు పెట్టుకుని నిద్రపోతోంది. తన బురదలో! తను కొట్లాడి మిగిల్చిన బురదలో! చాంద్యాకు ఏడుపొచ్చింది. సిగ్గుపడి నవ్వాడు.

తర్వాత ఇద్దరినీ తుంగ దట్టంగా ఉన్న చోట కూర్చోబెట్టి, చెవి దగ్గర చెప్పాడు.

"నేను పోయి చాయ్, రొట్టెలు తెస్త. ఫోన్లు బంద్ వెట్టుండ్రి. ఎవ్వలు పిలిచినా పలుకకుండ్రి. మావోళ్లకు జీపు సంగతి తెలిస్తే టైర్ల గాలి దీస్తరు."

"నువ్వు పిలిస్తే?" అంది ఫిర్దౌస్.

"నేను పిలిచినా పలుకకుండ్రి మేడం! పోయిన బంద్ నాడు గదే అయింది. పట్నం నుంచి వచ్చినోళ్లను గీడ్నే దాస్తే, మా జాల్యా లేడూ, నా గొంతు దీసి, 'ఒట్టు, నేనే చాంద్యాను, బయటికి రాండ్రి, ఆపతొచ్చింది' అని మొత్తుకున్నడు. ఆళ్లు నమ్మి లేచిండ్రు. కారు గాలి దీసి, ఆళ్లతోని జై తెలంగాణ అనిపిచ్చి, బస్టాండు దాక నడిపిచ్చిండ్రు. నేనొచ్చి భుజం ముట్టాలె. గప్పటిదాక లేవద్దు. ఏమన్నా గానీ లేవద్దు."

ఇంతియాజ్ మూతి మీద వేలు పెట్టుకుని నవ్వాడు. సరేనన్నట్టు తల ఊపాడు.

చాంద్యా ఇల్లు చేరేసరికి గుమ్మంలో కమ్లీ నిలబడి ఉంది. ముంజేతుల దాకా నెత్తురు. ఆ నోటికి దెప్పడం తప్ప ఏడవడం రాదనుకునేవాడు. ఏడుస్తోంది.

"దీపకు ఉన్నట్టుండి నెత్తురు వోతున్నది. ఆగుతలేదు!"

లోపల మంత్రసాని నర్సమ్మ బట్టలు కుక్కుతోంది, తీస్తోంది, మళ్లీ కుక్కుతోంది. ఎన్ని కాన్పులు చేసిన మనిషో! "నా తోని గాదు బిడ్డా. జల్ది దవాఖానకు తీస్కపో. లేకుంటే తల్లి సుత దక్కది," అంది తల ఎత్తకుండానే. దీప ముఖం పిండి చల్లినట్టు తెల్లగా ఉంది. "బాపూ," అంది. అంతే అంది.

అంబులెన్సుకు ఫోన్ చేస్తే, రోడ్డు మీద చెట్లు కొట్టేసి ఉన్నాయి, చుట్టు తిరిగి రావాలన్నారు. తండాలో ఉన్న ఆటోలు, ట్రాక్టర్లు అన్నీ జనాన్ని ఎక్కించుకుని పొద్దున్నే చౌరస్తాలో రాస్తారోకోకు వెళ్లిపోయాయి. వెళ్లమని నిన్న సాయంత్రం ఇంటింటికీ తిరిగి చెప్పింది ఎవరనుకున్నారు? చాంద్యాయే. చుట్టుపక్కల మొత్తానికి మిగిలిన బండి ఒక్కటే, చొప్ప కింద ఉన్న జీపు.

ఫోన్ చేశాడు. స్విచ్ ఆఫ్. ఉండదూ మరి!

పరుగెత్తాడు. ఎలా పరుగెత్తాడో ఆయనకే తెలియదు, చెప్పులు ఎక్కడ ఊడిపోయాయో ఇప్పటికీ దొరకలేదు. కట్ట దిగి, తుంగలో దూరి, వాళ్లను కూర్చోబెట్టిన చోటికి వచ్చాడు. అక్కడ నలిగిన గడ్డి ఉంది, మనుషులు లేరు. బాతులు అవతలి పక్కకు జరిగి ఉంటాయి, వాటి వెంట వీళ్లూ వంగి వంగి జరిగి ఉంటారు. ఎటు పోయారు? చుట్టూ మనిషిని మించిన జమ్ము.

"సార్!" అన్నాడు. ఆ అరుపుకు కుంట ఒక్కసారిగా లేచింది. బొల్లికోళ్లు నీళ్ల మీద పరుగెత్తాయి, కొంగలు లేచాయి, పెద్దబాతులు బరువుగా రెక్కలు కొట్టుకుంటూ కట్ట మీదుగా వెళ్లిపోయాయి. ఆయన వాటివైపు చూడను కూడా చూడలేదు.

"ఇంతియాజ్ సార్! ఫిర్దౌస్ మేడం! బయటికి రాండ్రి!"

చప్పుడు లేదు.

"నేను సార్, చాంద్యాను! నా బిడ్డ సచ్చిపోతున్నది సార్! జీపు గావాలె!"

చప్పుడు లేదు. వింటున్నారు. ఈ గొంతు వినబడకపోవడమనేది లేదు. ఈ తుంగలోనే ఎక్కడో, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, తను చెప్పిన మాట తూచా తప్పకుండా పాటిస్తూ కూర్చున్నారు.

"జాల్యాను గాదు సార్! ఒట్టు! నేనే!"

అయ్యో రామా! పోయిన బంద్ నాడు జాల్యా కూడా అచ్చం ఈ మాటే అని ఒట్టు పెట్టాడు. ఆ కథంతా నవ్వుతూ వాళ్లకు చెప్పిందీ తనే.

జమ్ములో పడి చీల్చుకుంటూ పోయాడు. ఆకులు ముఖాన్నీ చేతుల్నీ కోశాయి. గుంతలో పడ్డాడు, లేచాడు, తెలుగు మరిచిపోయి లంబాడీలో ఏడ్చాడు, తిట్టాడు, కాళ్లు మొక్కుతానన్నాడు. ఎటు చూసినా గడ్డి ఒకేలా ఉంది. గొంతులో ఏదో పుటుక్కుమన్నట్టయింది, తర్వాతి కేక సగంలో తెగిపోయింది. నోరు తెరిస్తే గాలి వస్తోంది, మాట రావడం లేదు.

అప్పుడు నిలబడ్డాడు. ఖాళీ నీళ్ల వంక చూశాడు. మనిషి ఎక్కడ దాగినా పిట్టకు తెలుస్తుంది, ఆ పక్క దిగదు. తప్పిపోయిన బర్రెను, పారిపోయిన దూడను ఇదే కుంటలో పిట్టల్ని చూసి పట్టుకున్నవాడు తను. కానీ చెప్పడానికి ఒక్క పిట్టయినా ఉందా? అన్నింటినీ తనే తరిమేశాడు.

అవి తిరిగి రావాలంటే ఒకటే దారి. కదలకుండా, మెదలకుండా కూర్చోవాలి.

చాంద్యా బురదలో కూర్చున్నాడు. ఇంట్లో కూతురి నెత్తురు పోతుంటే, ఇక్కడ పిట్టల కోసం కూర్చున్నాడు. పిడికిలి నోట్లో పెట్టుకుని కొరుక్కున్నాడు. ఏ కాలు కదిపినా మొదటికొస్తుంది. 'రండి తల్లీ, ఒక్కసారి రండి, మళ్లీ జన్మలో మిమ్మల్ని అడగను' అని లోపల్లోపలే మొక్కుకున్నాడు. లేచి ఇంటికి పరుగెత్తాలనిపించింది. పోయి ఏం చేస్తాడు? ఉత్త చేతులతో పోయి దీప కళ్లలోకి ఎలా చూస్తాడు? అంతసేపు అంత నిశ్శబ్దంగా చాంద్యా బతుకులో ఎప్పుడూ కూర్చోలేదు.

ముందు ఒక తెల్లకొంగ వచ్చింది. చుట్టూ చూసి దిగింది. తర్వాత ఉల్లంకి పిట్టల గుంపు వచ్చింది, నీళ్లకు ఆనుకుంటున్నట్టుగా, ఒక్కటై తిరుగుతూ. కొంత తూము పక్క దిగింది. ఇంకొంత పల్లం నడుమ బురదలో దిగింది. ఒక పాయ మాత్రం విడిపోయి, వంగిన తుమ్మ మొద్దు దగ్గరి జమ్ము మీదికి పోయింది. పోయి, వాలబోయి, గభాలున పక్కకు తిరిగింది.

చాంద్యా లేచాడు. మోకాళ్ల మీద పాకి, ఈదినంత పని చేసి, ఆ జమ్ము చీల్చాడు. అక్కడ ఇంతియాజ్ వీపు కనిపించింది. చెయ్యి చాచి భుజం ముట్టాడు.

జీపులో దీప తల కమ్లీ ఒళ్లో ఉంది. ఇంతియాజ్ పళ్లు కొరుకుతూ గుంతల్లో తోలుతున్నాడు. ఫిర్దౌస్ దీప కాళ్లు ఎత్తి పట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తోంది. "నేను చెప్పిన. చాంద్యన్ననే, నిజంగ ఏడుస్తుండని అన్న. లేవబోయిన," అంది. ఇంతియాజ్ ముందుకే చూస్తూ, "నేనే గుంజి కూసోబెట్టిన," అన్నాడు. "భుజం ముట్టేదాక లేవద్దన్నడు గద అని చెప్పిన." చాంద్యా నోరు తెరిచాడు. అనడానికి గొంతు లేదు.

చౌరస్తాలో టైర్లు తగలబడుతున్నాయి. అడ్డంగా ఎడ్లబండ్లు, మధ్యలో పొయ్యిలు పెట్టి వంటలు. జీపును చూడగానే కుర్రాళ్లు కర్రలెత్తి వచ్చారు. చాంద్యా దిగి చేతులు జోడించాడు. నోరు ఆడుతోంది, శబ్దం రావడం లేదు. ఊరేగింపుల్లో ట్రాక్టరు మీద వాళ్లందరి చేతా నినాదాలు పలికించిన మనిషి, ఇవాళ దారి అడగలేకపోతున్నాడు. "ఏందన్న, తాగినవా?" అని ఎవడో నవ్వాడు కూడా.

జాల్యా గుంపులోంచి వచ్చాడు. మామ ముఖం మీది కోతలు చూశాడు, జీపులోకి తొంగి చూశాడు. మాట్లాడకుండా బండి మీదికి ఎక్కి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"జరుగుండ్రి! బిడ్డ పానం వోతున్నది, తొవ్వియ్యుండ్రి!"

అది చాంద్యా గొంతు. చౌరస్తా మొత్తం ఆ గొంతుకే అలవాటు పడి ఉంది. ఎడ్లబండ్లు జరిగాయి, పొయ్యిలు తన్నేశారు, చెట్టు మొద్దును చేతుల మీద ఎత్తి పక్కన పడేశారు. జాల్యా జీపు ముందు సీట్లో కూర్చుని, జనగామ దాకా ప్రతి అడ్డం దగ్గరా మామ గొంతుతో అరుస్తూనే పోయాడు. పక్కన కూర్చున్న మామ, తన గొంతు తనకే పరాయిదైనట్టు వింటూ పోయాడు.

దవాఖానలో తలుపు మూశారు. నెత్తురు కావాలంటే ఫిర్దౌస్ ఇచ్చింది, జాల్యా ఇచ్చాడు. చాంద్యా తడి బట్టలతో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. చాలాసేపటికి డాక్టరమ్మ బయటికి వచ్చింది. "తల్లి దక్కింది," అంది. "మగపిల్లాడు. ఊపిరి లేదు. ఇంకాస్త ముందొస్తే..." అని, ఆ ముసలాయన కళ్లు చూసి మాట మింగేసింది.

మధ్యాహ్నం దీపకు తెలివొచ్చింది. కమ్లీ అప్పటికే చెప్పేసింది. చాంద్యా మంచం పక్కన నేల మీద కూర్చుని, దీప చెయ్యి పట్టుకున్నాడు. దీప పైకప్పు వంక చూస్తూ మెల్లగా అంది.

"బాపూ, నువ్వు కుంటల మొత్తుకునుడు నాకు ఇనబడ్డది. ఇంట్ల పండుకున్న నాకు ఇనబడ్డది. నా బాపు గొంతిది, బండి వస్తది, ఇంకేం భయంలేదు అనుకున్న. గంత దూరమున్న నాకు ఇనబడ్డది గద. పక్కనున్న ఆళ్లకు ఎట్ల ఇనబడలే బాపూ?"

చాంద్యా చెప్పాడు. "ఇనబడ్డది బిడ్డా. నేనే పలుకొద్దన్న."

పెదవులు కదిలాయి, అంతే. దీప తల ఇటు తిప్పింది.

"ఏందంటున్నవ్ బాపూ? ఇనబడ్తలేదు. జర గట్టిగ చెప్పు."

చాంద్యా లేచి, మంచం పట్టె పట్టుకుని, కూతురి చెవి దగ్గరికి వంగాడు. వంగి, మళ్లీ చెప్పాడు.